కంప్రెసర్ విప్పే ముందు

కారు ఏసీ కంప్రెసర్ పోతే ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? ఎండలు ముదిరేసరికి మన జంషెడ్‌పూర్ సిద్ధగోరాలో ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడగడం సహజం. జంషెడ్‌పూర్ పానా పట్టడం తెలిసిన ఊరు. ఇక్కడి ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది, 1912లో మొదటి ఉక్కు తీసింది. కాళీమాటి అనే స్టేషను 1919లో టాటానగర్ అయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చిన మనవాళ్లు ఇక్కడే స్థిరపడ్డారు, బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నారు, పిల్లల్ని ఫిట్టర్లుగా, టర్నర్లుగా, వెల్డర్లుగా పనిలో పెట్టారు. 1945లో టెల్కో పుట్టింది, 1954 నుంచి ఈ ఊళ్లో లారీలు తయారవుతున్నాయి. ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు పనిముట్లు కడిగి బొట్టు పెట్టే ఊళ్లో సొంత కారు బానెట్ ఎత్తడానికి జంకేవాళ్లు తక్కువే.

నా సమాధానం ముందే చెబుతాను. మార్చుకోవచ్చు. అయితే మీ వంతు సగం పనే. కంప్రెసర్‌ను విప్పి దించడం, కొత్తది బిగించడం ఇంట్లో అయ్యే పనులు. గ్యాస్ తీయడం, మళ్లీ ఎక్కించడం యంత్రం ఉన్న షెడ్డులో జరగాలి. ఈ రెండింటికంటే ముందు జరగాల్సిన పని ఇంకొకటి ఉంది. పాత కంప్రెసర్ ఎందుకు పోయిందో కనుక్కోవాలి. అసలు పోయిందో లేదో కూడా చూసుకోవాలి. చల్లగాలి ఆగగానే కంప్రెసర్ మీదే నింద వేసి, వేలకు వేలు పోసి కొత్తది కొని, నెల తిరక్కుండా అదీ పాడైపోతే తల పట్టుకునేవాళ్లు చాలామంది. ఈ ప్రసంగంలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఏసీ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. ఇంజెక్షన్‌కు ముందు స్పిరిట్ దూది రాస్తే చెయ్యి చల్లబడుతుంది కదా. ద్రవం ఆవిరయ్యేటప్పుడు పక్కనున్న వేడిని లాక్కుంటుంది. కారులో డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌లో జరిగేది ఇదే. మన కార్లలో ఎక్కువగా వాడే ఆర్ 134ఏ అనే గ్యాస్ మామూలు వాతావరణ ఒత్తిడి దగ్గర మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. కాయిల్‌లో అది ఆవిరై లోపలి గాలిలోని వేడిని తీసుకుంటుంది. ఆ ఆవిరిని పీల్చి, గట్టిగా నొక్కి, వేడెక్కించి ముందుకు తోసేది కంప్రెసర్. రేడియేటర్ ముందు ఉండే కండెన్సర్‌లో ఆ వేడి బయటికి పోతుంది, గ్యాస్ తిరిగి ద్రవమవుతుంది. దారిలో డ్రయర్ తేమను పట్టుకుంటుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వు ద్రవాన్ని సన్నటి సందులోంచి కాయిల్‌లోకి వదులుతుంది. కంప్రెసర్‌కు కావలసిన నూనె కూడా ఈ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. ఈ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి, కంప్రెసర్లు పోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది.

ఇక పరీక్ష. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ బటన్ నొక్కమని ఇంట్లో ఒకరికి చెప్పి, మీరు బానెట్ దగ్గర నిలబడండి. చొక్కా చేతులు, చున్నీ, చీర కొంగు బెల్టుకు దూరంగా ఉండాలి. బటన్ నొక్కగానే టక్‌మని చప్పుడై, కంప్రెసర్ పుల్లీ ముందున్న పళ్లెం పుల్లీతో పాటు తిరగాలి. అదే మాగ్నెట్ క్లచ్. 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లు ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించి అమ్మిన మొదటి కార్లు. వాటిలో ఈ క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే కారు ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. పైగా కూలింగ్ కాయిల్ డిక్కీలో సగం చోటు తినేసేది. అంత అవస్థ నుంచి మనల్ని తప్పించింది ఈ చిన్న విద్యుదయస్కాంతం.

టక్‌మనలేదంటే కంప్రెసర్ పోయిందని తేల్చేయకండి. ఫ్యూజు చూడండి. పక్కనే అలాంటి రిలే ఇంకొకటి ఉంటే మార్చి చూడండి. క్లచ్ వైరు దగ్గర మీటరు పెట్టి 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. కరెంటు వస్తున్నా క్లచ్ పట్టడం లేదంటే తప్పు క్లచ్‌లో ఉంది. క్లచ్ కాయిల్ నిరోధం సాధారణంగా మూడు నుంచి ఐదు ఓముల మధ్య ఉంటుంది. మీటరు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయినట్టే. కాయిల్ బాగుండి కూడా పట్టకపోతే పళ్లేనికీ పుల్లీకీ మధ్య సందు చూడాలి. అది సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. ఏళ్ల తరబడి అరిగి ఆ సందు పెరిగితే, చల్లగా ఉన్నప్పుడు పట్టిన క్లచ్ ఇంజిన్ కాగాక పట్టదు. లోపలున్న పల్చటి వాషరు ఒకటి తీసేస్తే చాలాసార్లు బాగవుతుంది. కాయిల్, పుల్లీ బేరింగు, క్లచ్ పళ్లెం, ఇవన్నీ కంప్రెసర్ బయట ఉండే భాగాలు. చాలా కార్లలో గ్యాస్ లైన్ ముట్టుకోకుండానే వీటిని మార్చవచ్చు. గరగరమనే బేరింగు కోసం కంప్రెసర్ మొత్తం పారేయడం అన్యాయం.

కొత్త రకం కార్లలో క్లచ్ లేని కంప్రెసర్లు వస్తున్నాయి. వాటి పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, లోపల ఒక కంట్రోల్ వాల్వు పని తగ్గిస్తుంది, పెంచుతుంది. వాటికి ఈ టక్ పరీక్ష పనికిరాదు, స్కానర్ పెట్టి చూడాల్సిందే.

క్లచ్ పడుతున్నా చల్లదనం లేదంటే రెండు గేజీల సెట్టు తగిలించాలి. నీలంది తక్కువ ఒత్తిడి వైపు, ఎర్రది ఎక్కువ ఒత్తిడి వైపు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఆ పని చేయొద్దు. గ్యాస్ చర్మం మీద చిమ్మితే అక్కడ గడ్డకట్టి గాయమవుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఏసీలో నీలం గేజి 30, 40 పౌండ్ల దగ్గర, ఎర్రది మన వేసవిలో 200 నుంచి 250 దాకా చూపిస్తుంది. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ కారిపోయింది. రెండూ మితిమీరి ఉంటే గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్ వేడి వదలడం లేదు. నీలంది సున్నా కిందికి జారితే దారిలో ఎక్కడో అడ్డు పడింది. నీలంది పైన, ఎర్రది కింద, ఇంజిన్ రేసు ఇచ్చినా రెండూ దగ్గరదగ్గరగానే కదలకుండా ఉంటే, అప్పుడు మాత్రం కంప్రెసర్ నొక్కడం మానేసిందని అనుకోవచ్చు. పుల్లీ బిగుసుకుపోయి బెల్టు కాలిన వాసన వస్తే ఇక గేజీలతో కూడా పని లేదు. కారు నడపకండి. చాలా కార్లలో ఆల్టర్నేటర్‌ను, వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే.

కంప్రెసర్ పోయిందని తేలింది. ఎందుకు పోయింది?

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది చిన్న లీకు. గ్యాస్ కొంచెం కొంచెంగా కారిపోతుంది. నూనెను తిప్పి కంప్రెసర్‌కు తెచ్చేది ఆ గ్యాసే కాబట్టి, గ్యాస్ తగ్గితే నూనె కూడా తిరిగి రాదు. ఎండిన కంప్రెసర్ తనను తానే అరగదీసుకుంటుంది. ఇలా జరగకూడదనే తయారీదారులు లైన్‌లో ప్రెషర్ స్విచ్ పెడతారు. గ్యాస్ బాగా తగ్గగానే అది క్లచ్‌కు కరెంటు ఆపేస్తుంది. ఏసీ ఆగిపోయిందని ఆ స్విచ్ రెండు వైర్లను ముక్క వైరుతో కలిపేసి నడిపించే అలవాటు కొందరికి ఉంది. ఆ ముక్క వైరు చంపిన కంప్రెసర్లు తక్కువేమీ కావు. దయచేసి ఆ పని చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి.

రెండో కారణం వేడి. ఇక్కడ మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలు. ఫ్యాక్టరీ దుమ్ము, రోడ్డు మట్టి, ఎండుటాకుల పొడి కండెన్సర్ రెక్కల్లో పేరుకుంటాయి. ఫ్యాను నెమ్మదిస్తే చెప్పనక్కర్లేదు. వేడి బయటికి పోక ఒత్తిడి పెరుగుతుంది, ఆ భారమంతా కంప్రెసర్ మీదే పడుతుంది. ఫ్యాను బాగు చేయకుండా కొత్త కంప్రెసర్ బిగిస్తే దాన్నీ అదే ఎండకు బలి ఇచ్చినట్టు. ఎండాకాలానికి ముందు కండెన్సర్‌ను తక్కువ ధారతో నీళ్లు పోసి కడగండి. వాటర్ సర్వీసింగు గన్నును దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఇంకొకటి, వాడకపోవడం. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ బాగా చలి. ఏసీ బటన్ జోలికి ఎవరూ పోరు. షాఫ్టు దగ్గరి రబ్బరు సీలు తడి లేక ఎండుతుంది, వేసవి రాగానే అక్కడి నుంచే గ్యాస్ కారడం మొదలవుతుంది. చలికాలంలో కూడా వారానికొకసారి పది నిమిషాలు ఏసీ వేయండి.

సరే, కారణం దొరికింది, మార్చాలనుకున్నారు. ముందు కారును ఏసీ షెడ్డుకు తీసుకెళ్లి రికవరీ యంత్రంతో గ్యాస్ తీయించండి. ఎన్ని గ్రాములు వచ్చిందో యంత్రం చెబుతుంది, ఎంత కారిపోయిందో మీకు లెక్క తేలుతుంది. పుల్లీ తిరుగుతున్నంతవరకు, ఏసీ కట్టేసి కారును ఇంటికి నడుపుకు రావచ్చు.

నట్టు వదులు చేసి గ్యాస్‌ను గాలిలోకి వదిలేసే పద్ధతి మన దేశంలో ఊరూరా ఉంది. ఎవరూ అడగరు, వాసన ఉండదు, కంటికి కనిపించదు. పాత కార్లలో ఆర్ 12 ఉండేది. క్లోరిన్ ఉన్న అలాంటి గ్యాసులు ఓజోన్ పొరను తింటున్నాయని 1974లో మోలీనా, రోలండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1995లో పాల్ క్రుట్జెన్‌తో కలిపి వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆర్ 12 స్థానంలో వచ్చిన ఆర్ 134ఏ ఓజోన్‌ను తాకదు. కాని నూరేళ్ల లెక్కన కిలోకు కిలో చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,430 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మామూలు చిన్న కారులో 400 గ్రాములు ఉందనుకోండి. దాన్ని గాలిలోకి వదిలితే దాదాపు 570 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినట్టే. సుమారు 250 లీటర్ల పెట్రోలు కాల్చినంత నష్టం అర నిమిషంలో జరిగిపోతుంది. ఈ రకం గ్యాసులను తగ్గించడానికి 2016లో కిగాలీలో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి, 2021లో మన దేశం ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. ఆ ఒప్పందం సిద్ధగోరాలో అమలు కావాలంటే మీ కారు గ్యాస్ సిలిండర్‌లోకి పోవాలి.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను, చేతిపని తెలిసినవాళ్లకు అది కష్టం కాదు. బ్యాటరీ మైనస్ వైరు తీయండి. కింద నుంచి పని చేయాల్సి వస్తే జాకీని నమ్మి కారు కింద దూరకండి, స్టాండ్లు పెట్టండి. బెల్టు వదులు చేసి, వైరు ప్లగ్గు తీసి, రెండు గ్యాస్ లైన్ల బోల్టులు, తర్వాత కంప్రెసర్‌ను పట్టి ఉంచిన మూడో నాలుగో బోల్టులు విప్పితే అది చేతికొస్తుంది. లైన్లు ఊడదీసిన మరుక్షణం వాటి మూతులు కప్పేయండి. వానాకాలంలో అయితే ఇంకా తొందరగా. గాలిలోని తేమే ఏసీకి శత్రువు.

ఇప్పుడు పాత లైన్ లోపల వేలుపెట్టి తుడిచి చూడండి. వేలికి అంటిన నూనె తేటగా, పసుపు రంగులో ఉంటే అదృష్టవంతులు. కొత్త డ్రయర్, కొత్త ఓ రింగులు వేసి ముందుకు పోవచ్చు. నల్లగా, మెరిసే పొడితో ఉంటే కంప్రెసర్ లోపల నుంచి నలిగిపోయిందని అర్థం. ఆ అల్యూమినియం పొడి కండెన్సర్ దాకా పోయి ఉంటుంది. ఈ కాలపు కండెన్సర్ గొట్టాలు చదునుగా, లోపల సన్నటి గదులతో ఉంటాయి. ఎన్ని మందులు పోసి కడిగినా పొడి పూర్తిగా రాదు. కండెన్సర్ మార్చాలి, ఎక్స్‌పాన్షన్ వాల్వు మార్చాలి, లైన్లు కడగాలి. ఇక్కడ డబ్బు మిగుల్చుకున్నవాళ్లకు కొత్త కంప్రెసర్ మళ్లీ నలుగుతుంది. పాత మార్కెట్లో దొరికే సెకండ్ హ్యాండ్ కంప్రెసర్ కూడా నాకు నచ్చదు. ఎంతకాలం మూతులు తెరిచి గాలిలో పడి ఉందో మనకు తెలియదు.

తర్వాత నూనె. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. పాత కంప్రెసర్‌లోని నూనెను కొలపాత్రలోకి వంచండి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాసుకోండి. కొత్తదాన్లో ఉన్న నూనెను శుభ్రమైన గిన్నెలోకి వంచండి. కొన్ని కంప్రెసర్లు ఏసీ మొత్తానికి సరిపోయే నూనెతో వస్తాయి, కొన్ని ఖాళీగా వస్తాయి. పాతదాన్లో వచ్చినంత, దానికి తోడు మార్చిన డ్రయర్‌కూ కండెన్సర్‌కూ మాన్యువల్ చెప్పినంత, కొత్తదాన్లో పోయండి. ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది, తక్కువైతే కంప్రెసర్ పోతుంది. పాగ్ 46, పాగ్ 100 అంటూ నూనెల్లో చిక్కదనాలు వేరువేరుగా ఉంటాయి. మీ కారుకు ఏది అని స్టిక్కరు మీదో మాన్యువల్‌లోనో చూసి అదే వాడండి. ఆ నూనె గాలిలో తేమను పీల్చుకుంటుంది, కాబట్టి ఎప్పుడో తెరిచిన సీసా వద్దు. కొత్త ఓ రింగులకు అదే నూనె రాసి తొడగండి. అల్యూమినియం మరలు కాబట్టి బోల్టులన్నీ ముందు వేళ్లతో తిప్పి, తర్వాతే పానా వేయండి. బిగించాక కంప్రెసర్ ముందు పళ్లేన్ని చేత్తో పది పదిహేను చుట్లు తిప్పండి. లోపల నిలిచిన నూనె పక్కకు పోతుంది, మొదటి స్టార్టులోనే దెబ్బతినకుండా ఉంటుంది.

కారును మళ్లీ షెడ్డుకు తీసుకెళ్లండి. అక్కడ వాక్యూం పంపు పెట్టి కనీసం అరగంట, వర్షాకాలమైతే ఇంకొంచెం ఎక్కువసేపు నడపమనండి. లోపలి గాలి పోవడం ఒక్కటే దాని ప్రయోజనం కాదు. ఒత్తిడి బాగా పడిపోతే మామూలు గది వేడికే నీరు మరిగి ఆవిరైపోతుంది, ఆ ఆవిరిని పంపు లాగేస్తుంది. తేమ మిగిలిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టి చల్లదనం వచ్చిపోతూ ఉంటుంది. కొన్నాళ్లకు గ్యాస్‌తో, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోపలి లోహాన్ని తింటుంది. పంపు ఆపాక కాసేపు గేజి కదలకుండా ఉందో లేదో మీరే చూడండి. ముల్లు లేచిందంటే లీకు ఉంది, లేదా తేమ ఉంది. అప్పుడు గ్యాస్ ఎక్కించడానికి ఒప్పుకోకండి.

గ్యాస్ తూకం వేసి ఎక్కించాలి. బానెట్ కింద స్టిక్కరు మీద ఎన్ని గ్రాములో, ఏ గ్యాసో రాసి ఉంటుంది. చేత్తో పైపు పట్టుకుని చల్లగా ఉందని చెప్పే అంచనా ఈ కాలం చిన్న ఏసీలకు సరిపోదు. గ్యాస్ డబ్బా సీలు మీ ముందే తెరవమనండి. చవక గ్యాసుల పేరుతో ఆర్ 40, అంటే మిథైల్ క్లోరైడ్ కలిపిన నకిలీలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. అది అల్యూమినియంతో కలిస్తే, గాలి తగిలితే దానంతటదే మండే పదార్థం తయారవుతుంది. 2011లో వియత్నాంలో సర్వీసు చేయించిన శీతల కంటైనర్లు ఇలాగే పేలి మనుషుల ప్రాణాలు పోయాయి. వంట గ్యాస్ ఎక్కించినా ఏసీ చల్లగానే వస్తుంది. కాని కూలింగ్ కాయిల్ లీకైతే ఆ గ్యాస్ వచ్చేది మీరు, మీ పిల్లలు కూర్చున్న క్యాబిన్‌లోకే. ఎంత చవకగా ఇస్తామన్నా ఒప్పుకోకండి. గ్యాస్ ఎక్కించేటప్పుడు ఇంజిన్ నడుస్తుంటే ఎర్ర గేజి వాల్వు తెరవకూడదని కూడా తెలుసుకోండి. ఆ ఒత్తిడి వెనక్కి తన్ని డబ్బా పేలిపోతుంది.

బ్యాటరీ కార్లు, హైబ్రిడ్ కార్లు ఉన్నవాళ్లకు ఒక మాట. వాటి కంప్రెసర్ బెల్టుతో తిరగదు, పెద్ద బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది. నారింజ రంగు వైర్లలో 300 వోల్టులకు పైగా ఉండవచ్చు. మనిషిని చంపడానికి అది చాలు. దాని నూనె కూడా వేరు, మామూలు పాగ్ నూనె అందులో పడితే కరెంటు లీకవుతుంది. ఆ కార్లకు ఇంటి దగ్గర పని వద్దే వద్దు.

ఈ ఊరి కుర్రవాళ్లకు కూడా ఇందులో ఒక దారి కనిపిస్తోంది. 2025 అక్టోబరు 1 నుంచి మన దేశంలో తయారయ్యే మధ్యరకం, భారీ లారీలన్నిటికీ డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఎండలో మాడిపోతూ దేశమంతా సరుకు మోసిన డ్రైవర్లకు ఎప్పుడో రావలసిన సౌకర్యం అది. ఇక్కడ తయారయ్యే లారీలకూ అది వర్తిస్తుంది. రేపు వాటి కంప్రెసర్లు బాగు చేసేవాళ్లు కావాలి. రికవరీ యంత్రం, వాక్యూం పంపు, తూకం, వీటితో పద్ధతిగా పనిచేయడం నేర్చినవాడికి పని దొరుకుతుంది.

చివరిగా మీకు నా మనవి. కంప్రెసర్ మీరే మార్చుకోండి, సంతోషంగా మార్చుకోండి. విప్పే ముందు గ్యాస్ యంత్రంతో తీయించండి. బిగించేటప్పుడు డ్రయర్ కొత్తది వేయండి. కంప్రెసర్ ఖరీదుతో పోలిస్తే డ్రయర్ ఖరీదు చాలా తక్కువ. అది వేయకుండా మిగిలిన పని ఎంత బాగా చేసినా నిలవదు.